కంప్యూటర్ ఊరికే ఆరిపోతా ఉందా? విండోస్‌ని తిట్టేముందు వెనక డబ్బా చూడండబ్బా

అందరికీ నమస్తే. ఈ నా చేతిలో ఉండేది ఎస్‌ఎంపీఎస్. సీపీయూ వెనకాల కరెంటు వైరు గుచ్చుతామే, ఆ డబ్బా. లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చేది ఇదే. ఒక కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులైతే ఇవ్వలా, ఇది చెప్పు అది చెప్పు అని కూడా అనలా. అయినా పేరు మీద తెల్ల టేపు అంటించా చూడండి. ఎందుకంటే చివర్లో దీన్ని కొంచెం తిడతా. ఎన్ని వాట్లు, ఎన్ని పిన్నులు, ఏం సర్టిఫికెట్, ఇయ్యన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మళ్లీ చదవను.

దీన్ని బిగించింది మా నాన్న కంప్యూటర్‌కి. 2012లో కొన్నది. ఐ3-2100 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పక్కన, చుట్టూ రొయ్యల గుంటలు. నాన్న మేత లెక్కలు, కౌంటు లెక్కలు (కిలోకి ఎన్ని రొయ్యలు అని) అన్నీ దాంట్లోనే రాస్తాడు. కొత్తది కొందామంటే "అది బాగానే ఉంది కదరా" అంటాడు. బాగానే ఉండేది కూడా, పోయినేడు దాకా. తర్వాత మొదలైంది. పని చేస్తా చేస్తా టప్ మని ఆరిపోయ్యేది, దానంతట అదే మళ్లీ వచ్చేది. బ్లూ స్క్రీన్ లేదు, మెసేజ్ లేదు. మా చెల్లెలు ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటా ఉంది, నలభై కాలేజీలు పేర్చింది, సేవ్ కొట్టేలోపు పాయ. ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలా, నేనేదో చేసినట్టు.

సరే, అందరూ చేసేదే మేమూ చేశాం. షాపుకి ఎత్తకపోయాం. ఆయన విండోస్ మళ్లీ వేసి 500 తీసుకున్నాడు. నాలుగు రోజులకి మళ్లీ ఆరిపోయింది. మళ్లీ విండోస్, మళ్లీ 500. మూడోసారి నేనే వద్దన్నా.

ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో ఆ బంగారు రంగు పళ్లు రుద్దా. మాకు సముద్రం దగ్గర, మైపాడు గాలి. ఏది చూసినా నాలుగేళ్లకే చిలుము పట్టుద్ది. రబ్బరు నల్లగా అయింది గానీ జబ్బు పోలా. మెమ్‌టెస్ట్86 అని ర్యామ్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా తిప్పా, ఒక్క ఎర్రర్ లేదు. ఫ్యాన్ విప్పితే హీట్‌సింక్ మీద దుమ్ము దుప్పటి మాదిరి లేచి వచ్చింది. దాని కింద ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్టు ఎండిపోయి సున్నం పెచ్చులాగా ఉండాది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండల్లో ఇది ఇన్నాళ్లు ఎట్టా బతికిందో! కొత్త పేస్టు పూసినాక 90 దాటే వేడి 60కి దిగింది. అబ్బా, పట్టేశాం అనుకున్నా. మర్నాడు పొద్దున మళ్లీ టప్.

అప్పుడు బుద్ధొచ్చి ఈవెంట్ వ్యూయర్ తెరిచా. ఎప్పుడు ఏం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టా అది. ముందే చేయాల్సిన పని. దాంట్లో సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్-పవర్ 41 అని ఎర్రగా కనపడుద్ది. చానామంది ఆ 41 చూసి ఇదే రోగం అనుకుంటారు. కాదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచాను అని చెప్పడమే దాని పని. ఎందుకు అనేది దానికీ తెలియదు. దాన్ని తెరిచి డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే లైను చూడండి. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే లోపల బ్లూ స్క్రీన్ వచ్చిందని అర్థం, అప్పుడు ర్యామో డ్రైవరో డిస్కో వెతుక్కోవాలి. సున్నా ఉంటే, విండోస్‌కి చచ్చేముందు ఒక మాట రాసుకునే టైము కూడా దొరకలేదని. మా దాంట్లో అన్నీ సున్నాలే.

ఆరిపోయిన టైములన్నీ ఒక నోట్సులో రాసి పెట్టా. దాన్ని చూసి పట్టేసింది మా అమ్మ. "ఆరున్నరకి నేను బోరు మోటారు ఏస్తాను గదరా" అంది. మిగతావి చూస్తే రాత్రి పదకొండు, రెండు, మూడు. గుంటల్లో రాత్రి పూట ఆక్సిజన్ పడిపోద్ది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ అప్పుడే తిరుగుతాయి, ఊరంతా లో వోల్టేజీ, కరెంటు పోతా వస్తా ఉంటది. నాన్న గుంట కాడినుంచి వచ్చి లెక్కలు రాసేది కూడా అప్పుడే.

కానీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. అక్కడే ఉంది కథంతా. ఈ డబ్బాలో నాకు ఇష్టమైన విషయం ఇదొక్కటే, కొంచెంసేపు సాగదీస్తా, ఓపిక పట్టండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల ఒక సందు ఉంటది. మిల్లీ సెకన్లలో. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, అంటే ఒక్కో సైకిలు 20 మిల్లీ సెకన్లు. ఆ సందులో ఎస్‌ఎంపీఎస్ లోపల ఉండే పెద్ద కెపాసిటర్ తన దగ్గర దాచుకున్నదాంతో నెట్టుకురావాలి. మిద్దె మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. మోటారు ఆగినా కుళాయి కాసేపు వస్తది గదా. మంచి ఎస్‌ఎంపీఎస్ ఫుల్ లోడు మీద కూడా 16, 17 మిల్లీ సెకన్లు నిలబడాలి. లోడు తక్కువైతే ఇంకా ఎక్కువ సేపు నిలబడుద్ది. పాతబడే కొద్దీ కెపాసిటర్‌లో సరుకు ఎండిపోద్ది. ట్యాంకు అడుగున అడుసు పేరుకున్నట్టు. పైకి చూస్తే ట్యాంకు అదే, పట్టే నీళ్లు మాత్రం చెంబెడు. మామూలప్పుడు ఏం తెలియదు, సందు వచ్చినప్పుడే తెలుస్తది.

ఇది మా పాత డబ్బా. ఇదిగో, కెమెరా దగ్గరికి పెడతా. ఈ పెద్ద కెపాసిటర్ నెత్తి చూడండి, చదునుగా ఉండాల్సింది పూరీ పొంగినట్టు పొంగింది. పక్కన గోధుమ రంగులో కారింది కూడా. మీరు మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినాక కూడా దాంట్లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. ఇది నెలరోజులు మూల పడున్నాక విప్పింది. లేబుల్ చూడండి ఇంకా, పెద్దక్షరాల్లో 450 వాట్స్ అని. కింద చిన్నక్షరాల్లో 12 వోల్టుల లైను 10 ఆంపియర్లు అని. పన్నెండు పదులు నూట ఇరవై. 450 ఎక్కడినుంచి వచ్చిందో రాసినోడికే తెలియాలి. కొనేటప్పుడు ఆ చిన్నక్షరాలు గుణించుకోండి.

ఇప్పుడు కంపెనీ వాళ్లకి నచ్చని మాట. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేముందు మీ ఇన్వర్టర్ వెనకో ముందో ఉండే చిన్న స్విచ్ చూడండి. యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఉంటది, కొన్నిటికి వైడ్ అనో ఎకో అనో రాస్తారు. నార్మల్‌లో ఉంటే ఆ సందు పెద్దది. యూపీఎస్‌లో పెడితే చిన్నదైపోద్ది. పైసా ఖర్చు లేదు. మీ జబ్బు దాంతోనే పోతే నాకు వ్యూస్ చాలు.

మాకెందుకు కుదరలేదంటే, యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ 180కి అటూ ఇటూ పడిపోతే చాలు, బ్యాటరీ మీదకి దూకుతది. మా ఊళ్లో రాత్రిళ్లు అదే వోల్టేజీ. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, నాన్న కేకలు. ఆయనే దాన్ని నార్మల్‌కి తిప్పేసినాడు, ఎవరికీ చెప్పకుండా. ఈ ఆరిపోవడం సరిగ్గా అప్పటినుంచే ఎక్కువైంది. అడిగితే "ఆ స్విచ్‌కీ కంప్యూటర్‌కీ ఏం సంబంధంరా?" అన్నాడు. నిజమే, ఎవరికి తోస్తది?

సరే, టెస్టు. ఇన్వర్టర్ నార్మల్ మోడ్‌లోనే పెట్టి, మెయిన్ ఇరవై సార్లు ఆపా. పాత డబ్బాతో పదమూడు సార్లు రీస్టార్ట్. కొత్తదాంతో ఒక్కసారి కూడా లేదు. అమ్మ మోటారు వేసినా లేదు. మూడు వారాలైంది, ఈవెంట్ వ్యూయర్‌లో కొత్త 41 లేదు. మా కంప్యూటర్ తినేది తక్కువ, గ్రాఫిక్ కార్డు లేదు, అది కూడా కలిసొచ్చింది. మీరు పెద్ద కార్డు పెట్టి గేములాడేవాళ్లయితే ఈ లెక్క మీకు వర్తించదు.

ఇంత బాగున్నదాన్ని ఎందుకు తిడతావు అంటారా? వెనక్కి తిప్పుతా, చూడండి. ఏం కనపడుతుంది? ప్లగ్గు. ఫ్యాను జాలి. స్విచ్ ఏది? లేదు! ఆన్ ఆఫ్ స్విచ్ పెట్టలేదు సామీ! పొంగిపోయిన ఆ పాత డబ్బాకి కూడా ఉండాది, ఎర్రగా, టక్ మని పడేది.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా లోపల 5 వోల్టులు స్టాండ్‌బైలో వస్తానే ఉంటాయి. మౌసు లైటు రాత్రంతా వెలుగుతా ఉంటది. కార్తీకమాసంలో మాకు ఉరుములు మెరుపులు, తుపాను సిగ్నళ్లు. అప్పుడు ఏం చేయాలి? నాన్న అరవై దాటిన మనిషి, టేబుల్ కిందకి దూరి, బీరువా వెనక ఉండే ప్లగ్గు పీకాలి. మొన్న పీకతా తల కొట్టుకున్నాడు. లేచి నన్ను చూసి "ఫ్రీగా ఇచ్చింది ఇట్టానే ఉంటది" అన్నాడు. కేబుళ్లకి గుడ్డ తొడుగు తొడిగారు, బాక్సులో వెల్వెట్ సంచి పెట్టారు. ఎవడికి కావాలి ఆ సంచి? అమ్మ దాంట్లో వెల్లుల్లి పోసింది.

కాబట్టి నా మాట. పనికి పదికి తొమ్మిది వేస్తా. నా డబ్బులతో అయితే కొనను. ఇదే రేటుకి స్విచ్ ఉన్నది తీసుకుంటా. ఆ ఒక్క స్విచ్ కోసమే తీసుకుంటా, కామెంట్లలో తిట్టుకోండి.

ఇంకోటి, కొందరు అడుగుతారు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14నే అయిపోయింది, ఈ ఐ3కి అధికారికంగా విండోస్ 11 ఎక్కదు, మళ్లీ దీనికి ఖర్చెందుకు అని. నాన్న దాన్ని నెట్‌కి తగిలించడం మానేశాడు. మేత లెక్కకి నెట్ ఎందుకు?

కంపెనీ వాళ్లు ఈ వీడియో చూసి డబ్బా వెనక్కి అడిగితే ఇచ్చేస్తా. వెల్వెట్ సంచి మాత్రం వెల్లుల్లి వాసన వస్తది, ముందే చెప్తుండా.