వలలు కడిగే చోటు: బైబిల్లో సముద్రతీరం

(విశాఖపట్నంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు, వినడానికి వచ్చిన ఇతర మతాల మిత్రులకు వందనాలు.

సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్లే మనకు సముద్రపు ఒడ్డంటే విశ్రాంతి. పిల్లలకు మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి, కాసేపు అలల్లో కాళ్లు తడుపుకుని ఇంటికి వచ్చేస్తాం. సువార్తలను కూడా ఆ కళ్లతోనే చదువుతాం. సండే స్కూలు గోడల మీది పటాల్లో గలిలయ తీరం అలాగే ఉంటుంది: నీలి నీళ్లు, శుభ్రమైన అంగీలు, చేప వాసన తెలియని చేతులు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. బైబిల్లో ఒడ్డు షికారుకు వెళ్లే చోటు కాదు. అక్కడ పని జరుగుతుంది, ఆకలి వేస్తుంది, ప్రాణాలతో బయటపడినవాళ్లు వణుకుతూ నిలబడతారు. దాన్ని జాలారిపేట కళ్లతో, అంటే చేపల వేటే బతుకైనవాళ్ల కళ్లతో చదవాలి.

ఈ మాట ఈ ఊళ్లో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని వాళ్లిద్దరూ చూడలేదు. యేసు శిష్యుడైన జాలరి పేతురు వలలు కడిగిన కథను తెలుగువాళ్లకు అందించే పని మాత్రం ఈ తీరంలో సాగింది.

పాత నిబంధనతో మొదలుపెడదాం. ఇశ్రాయేలీయులు ప్రధానంగా కొండల మనుషులు, పొలాల మనుషులు. సముద్రమంటే వాళ్లకు భయం. అందుకే వాళ్ల గ్రంథాల్లో ఒడ్డు మొదట ఒక హద్దు. యోబు 38వ అధ్యాయంలో దేవుడు సముద్రానికి తలుపులు పెట్టి, ఇంతవరకే రావాలి, ఇక్కడితో నీ అలల పొంగు ఆగాలి అంటాడు. యిర్మీయా 5వ అధ్యాయంలో ఆ హద్దు దేనితో వేశాడో చెబుతాడు. రాతితో కాదు, ఇసుకతో. నాకు ఎంతో ఇష్టమైన వచనం అది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకినప్పుడు అలలు బీచ్ రోడ్డును ఎలా కోసేశాయో మీలో చాలామంది చూశారు. అది చూశాక యిర్మీయా మాటను తేలిగ్గా చదవలేం. అయినా ప్రవక్త సముద్రం ఎన్నడూ పొంగదని అనలేదు. అలలు పొంగుతాయి, ఘోషిస్తాయి అని ఆ వచనంలోనే ఒప్పుకున్నాడు. ఎంత పొంగినా చివరి మాట వాటిది కాదన్నదే అతని విశ్వాసం. అబ్రాహాముకు సంతానాన్ని వాగ్దానం చేసినప్పుడు కూడా దేవుడు నక్షత్రాల పక్కన ఈ ఇసుకనే చూపించాడు.

ఇక గలిలయ. సముద్రమని పిలుస్తాం గాని అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. 1986లో కరువు వల్ల నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో ఒక పాత దోనె బయటపడింది. సుమారు 8 మీటర్ల పొడవు, యేసు కాలం నాటిది. పాత పడవల చెక్కలు కూడా వాడి, రకరకాల కలపతో అతుకులు వేసి ఏళ్లపాటు నడిపారు. ఆ దోనెను చూస్తే పేతురు ప్రపంచం అర్థమవుతుంది. ఒక్క చెక్క ముక్కను కూడా పారేయలేని బతుకులు అవి.

లూకా 5వ అధ్యాయంలో యేసు ఆ ఒడ్డుకు వచ్చేసరికి జాలరులు వలలు కడుగుతున్నారు. రాత్రంతా వేట సాగించినా ఏమీ పడలేదు. అయినా వల కడగాల్సిందే. నాచు, బురద అలాగే వదిలేస్తే వల పాడవుతుంది. ఆ రాత్రి పైసా సంపాదించని దోనెనే యేసు అడిగి తీసుకుని, అందులో కూర్చుని బోధించాడు.

మత్తయి 13వ అధ్యాయంలోని వల ఉపమానం మన తీరం వాళ్లకు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. అది చేత్తో విసిరే వల కాదు, ఒడ్డుకు లాగే వల. మన దగ్గర అలివి వల లాగడం చూసే ఉంటారు. రెండు కొసల తాళ్లు పట్టుకుని, వరుసగా నిలబడి, మడమలు ఇసుకలో దిగేలా వెనక్కి వాలి లాగుతారు. వల సంచి ఒడ్డుకు చేరాక అందరూ చుట్టూ చేరతారు. నెత్తళ్లు ఒక గంపలోకి, కవళ్లు ఒక గంపలోకి. జెల్లీ చేపలు, చెత్త పక్కకు. యేసు చెప్పిన కథలోనూ వాళ్లు కూర్చుని మంచివాటిని గంపల్లో వేస్తారు. లేవీయకాండం ప్రకారం పొలుసులు లేని చేపలు తినకూడదు కాబట్టి గలిలయలో ఈ ఏరివేత తప్పదు. ఈ ఉపమానం చెప్పి మనుషులను భయపెట్టే బోధకులున్నారు. ఏరే పని దేవదూతలదని యేసు స్పష్టంగా చెప్పాడు. మన చేతిలో ఉన్నది తాడు మాత్రమే.

యోహాను 21వ అధ్యాయం దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. యేసు సిలువ మీద చనిపోయి తిరిగి లేచిన తరువాతి సంగతి ఇది. ఏడుగురు శిష్యులు రాత్రంతా వేటాడి ఉత్త చేతులతో వస్తున్నారు. తెల్లవారుతుండగా ఒడ్డున ఒకాయన నిలబడి, తినడానికి ఏమైనా ఉందా అని అడుగుతాడు. ఒడ్డుకు ఇంకా సుమారు 200 మూరల దూరం. ఆయన చెప్పినట్టు కుడివైపు వల వేస్తే 153 పెద్ద చేపలు. ఆయన ప్రభువని తెలియగానే పేతురు పైబట్ట బిగించి నీళ్లలోకి దూకుతాడు. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. అయినా యేసు, మీరు ఇప్పుడు పట్టినవాటిలో కొన్ని తెండి అంటాడు. రాత్రంతా కష్టపడినవాళ్లకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది! తడిసిన బట్టలతో పేతురు ఆ నిప్పుల పక్కన నిలబడ్డాడు. అంతకుముందు, యేసును బంధించిన రాత్రి, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట, ఇలాంటి నిప్పుల దగ్గరే చలి కాచుకుంటూ, ఆయన్ను ఎరగనని అన్నాడు. యేసు ఆ సంగతి ఎత్తలేదు. ముందు అన్నం పెట్టాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడగడం భోజనం తరువాతి మాట.

ఒడ్డున ఇంకో మంట ఉంది. అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ మెలితే (నేటి మాల్టా) ద్వీపం దగ్గర బద్దలైనప్పుడు 276 మంది, కొందరు ఈదుకుంటూ, కొందరు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. వాన, చలి. వాళ్లకు నిప్పు రాజేసి ఆదరించినవాళ్లు క్రైస్తవులు కారు, యూదులు కారు. ఆ ఊరివాళ్లు, అంతే. లూకా వాళ్ల దయను ఎంతో కృతజ్ఞతతో రాశాడు. పౌలు కూడా ఊరికే కూర్చోలేదు, పుల్లలు ఏరి మంటలో వేశాడు.

చివరగా, ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం. కొత్త భూమి మీద సముద్రం ఇక లేదట. విశాఖవాళ్లకు ఇది మింగుడుపడదు. నన్ను ఎంతోమంది అడిగారు. ఈ దర్శనం చూసిన యోహాను పత్మాసు ద్వీపంలో ఉన్నాడు. తన సంఘాలు నీళ్లకు అవతల ఉన్నాయి. దానికి ముందు అధ్యాయంలోనే సముద్రం తనలోని మృతులను అప్పగించిందని రాసి ఉంది. వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్ల ఇళ్లు మన తీరం పొడవునా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఈ వరుసను కలిపే చదవాలి: సముద్రం తీసుకున్నవాళ్లను ముందు తిరిగి ఇచ్చేస్తుంది.

ఇక్కడ ఆపుతాను. వేటకు వెళ్లే కుటుంబాలవాళ్లు ఈ సభలో ఉన్నారు. యోహాను 21 గురించి ముందుగా వాళ్లే మాట్లాడాలని నా కోరిక.