పచ్చసొన పారేసే బ్యాచ్ కోసం

హోస్ట్: హాయ్ అందరికీ, ఈ ఎపిసోడ్ మొత్తం కోడిగుడ్డు మీదే, మన డైటీషియన్ అక్క మళ్లీ వచ్చింది. అక్కా, డైరెక్ట్‌గా అడిగేస్తా. మా జిమ్‌లో ఒక బ్యాచ్ ఉంది, పొద్దున్నే బాక్సు నిండా ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకుంటారు, తెల్లసొన తినేసి పచ్చసొనలన్నీ డస్ట్‌బిన్‌లో పడేస్తారు. కరెక్టేనా అది?

డైటీషియన్: ప్రాణం ఉసూరుమంటుంది తమ్ముడూ వింటుంటేనే. ఒక గుడ్డులో ప్రోటీన్ 6 గ్రాములు అనుకో, అందులో సగానికి కాస్త తక్కువ ఆ పచ్చసొనలోనే ఉంటుంది. విటమిన్ ఎ, డి, కళ్లకి పనికొచ్చే లూటీన్, మెదడుకి కావాల్సిన కోలిన్, ఇవన్నీ అక్కడే. డబ్బులు పెట్టి కొన్నదాంట్లో మంచిదంతా చెత్తలోకి పంపి, మళ్లీ మల్టీవిటమిన్ టాబ్లెట్లు కొంటారు వీళ్లే.

హోస్ట్: (నవ్వు) కొలెస్ట్రాల్ భయం అక్కా...

డైటీషియన్: ఉంది, కాదనను. ఒక్క పచ్చసొనలో దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ మన ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం లివరే తయారుచేస్తుంది, తిండిలోంచి ఎక్కువ వస్తే చాలామందిలో లివర్ తన తయారీ తగ్గించుకుంటుంది. అందరిలో ఒకేలా జరగదు, అది వేరే. రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దని అమెరికా వాళ్లు ఏళ్ల తరబడి చెప్పి, 2015లో ఆ లిమిట్ తీసేశారు. అంటే ఎంతైనా లాగించమని కాదు! బ్లడ్‌లో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెంచడంలో పెద్ద చెయ్యి వెన్న, నెయ్యిలో ఉండే శాచురేటెడ్ ఫ్యాట్‌ది, నూనెని గట్టిపరిచినప్పుడు వచ్చే ట్రాన్స్ ఫ్యాట్‌ది.

హోస్ట్: అంటే ఇప్పుడు నా ఎగ్ పఫ్ సంగతి...

డైటీషియన్: అదే చెప్పబోతున్నా. సాయంత్రం చాయ్‌తో ఎగ్ పఫ్ తింటావు, అందులో ఉండేది అర గుడ్డు, మిగతాదంతా మైదా, పొరపొరకీ పూసిన కొవ్వు, చాలా బేకరీల్లో డాల్డానే. బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్, మిర్చి బండి దగ్గర ఎగ్ బజ్జీ, అన్నీ అంతే, రిపోర్టు తేడాగా వస్తే మాత్రం గుడ్డు మానేశా అంటారు. పఫ్ మానరు!

హోస్ట్: అయితే రోజుకి ఎన్ని తినొచ్చు?

డైటీషియన్: ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒకటి, ఏ ఇబ్బందీ లేదు. షుగర్, గుండె జబ్బు, ఇంట్లో వంశంగా కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు లెక్క డాక్టర్‌ని అడిగే పెట్టుకోవాలి, పాడ్‌కాస్ట్ విని కాదు. పులుసు చేసుకో, టమాటాలో వేసుకో, నూనె చూసుకుంటే చాలు. గుడ్డులో పీచు ఉండదు, సి విటమిన్ ఉండదు, కాబట్టి పక్కన ఏదో ఒక కూర, పండు ఉండాల్సిందే.

హోస్ట్: పచ్చి గుడ్డు పాలల్లో కొట్టి తాగితే బలం అంటారు కదా పెద్దవాళ్లు?

డైటీషియన్: వద్దు. ఉడికిన గుడ్డులో ప్రోటీన్ బాగా అరుగుతుంది, పచ్చిదాంట్లో చాలా వృథా, పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం. గోధుమరంగు పెంకు గుడ్డుకి ఎక్కువ రేటు పెట్టడం కూడా అంతే, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పచ్చసొన రంగు దానా బట్టి. నాటుకోడి గుడ్డు రుచికి తిను, నేనూ తింటా.

హోస్ట్: స్కూల్ మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీలో గుడ్డే ఎందుకు ఇస్తారు అక్కా?

డైటీషియన్: చవక, ఫ్రిజ్ లేకపోయినా కొన్నాళ్లు ఆగుతుంది, ఇంకోటి, పాలల్లో నీళ్లు కలపొచ్చు గానీ గుడ్డులో ఏం కలుపుతారు? గర్భిణులకి ఇస్తున్నారంటే అందుకే.

హోస్ట్: లాస్ట్ డౌట్. మా ఇంట్లో కార్తీకమాసం మొత్తం గుడ్డు గుమ్మం కూడా తొక్కదు, మరి ప్రోటీన్?

డైటీషియన్: కందిపప్పు, శనగలు, పెసలు, పెరుగు, పల్లీలు ఉన్నాయి కదరా, బీ12 విటమిన్‌కి పాలు పెరుగు మాత్రం వదలకు. నెల రోజులకే ఏం కొంప మునగదు.