కాగబెడితే ఫ్లోరైడ్ పోతదా సార్?

నమస్తే. నేను నల్లగొండ దిక్కు ఒక సర్కారు బడిల తెలుగు చెప్తుంట. ఇయ్యాల ముచ్చట ఏందంటే, పిల్లలతోని వాదన రాయించుడు గురించి, అది గూడ ఇంటర్నెట్‌ల సదువుకునుడు మీద.

తొమ్మిదో తరగతికి ఈ టాపిక్ ఇస్తే వచ్చిన పేపర్లల్ల సగానికి ఎక్కువ ఒక్కతీరే మొదలైనయ్, నాణేనికి రెండు వైపులున్నట్టు ఇంటర్నెట్‌కు లాభాలు నష్టాలు రెండూ కలవు అని, ఆరు లాభాలు, ఆరు నష్టాలు, ఆఖరికి "కావున మితముగా వాడవలెను". అయిపాయె. తప్పు పిల్లలది కాదు, మనమే గట్ల నేర్పినం, మార్కులు గూడ గట్లనే ఏసినం. కానీ రాసినోడు ఎటు దిక్కున్నడో చెప్పకపోతే అది వాదన ఎట్లయితది, కిరాణం చిట్టీ అయితది గని.

అందుకే మళ్ల రాయమన్న, ఒక దిక్కు పట్టుకోండి, మీ ఇంట్ల మీరు చూసింది రాయండి అని. అప్పుడు ఒక అమ్మాయి రాసింది సూడాలె. 2020 సెప్టెంబర్ 1 నుంచి ఆన్‌లైన్ క్లాసులు పెట్టిన్రు గదా, టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లల్ల వస్తుండె, అప్పుడామె నాలుగో తరగతి. ఇంట్ల ఉన్నది ఒక్క ఫోను, అది నాయిన జేబుల పెట్టుకొని పనికి పోతడు, టీవీ ముంగట కూసుంటే అర్థం కాలేదని అడిగెటందుకు టీవీల సార్‌కు ఇనబడది గదా అని రాసింది. ఈ ఒక్క మాట ఆరు నష్టాల పెట్టు.

ఇగ రెండోది అవతలోడి మాట. మన పాత పండితులు వాదంల ముందు పూర్వపక్షం చెప్పి, అంటే ఎదుటోడు ఏమంటడో అది చెప్పి, ఆ తర్వాతనే తమ సిద్ధాంతం చెప్పెటోళ్లు. పేరు పెద్దగున్నది గని ఊర్ల పంచాయితీ చెప్పే పెద్దమనిషి చేసేది గూడ గదే. నేనేం చేసిన్నంటే పేపర్లు మార్పిచ్చిన, నీ మాటను వాడు సరిగ్గ రాసిండా చూడు, అవును నేనన్నది గిదే అని నువ్వు ఒప్పుకుంటెనే వాడు జవాబు రాయాలె. క్లాసుల మస్తు లొల్లి అయింది, పక్క క్లాసు మేడం వచ్చి చూసి పోయింది.

అసలు కథ మర్రిగూడ దిక్కు పిలగాడు ఒకనితోని వచ్చింది. వాడు నెట్ దిక్కు. సాక్ష్యం ఏం రాసిండంటే, నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోతదని వీడియోల చూసి నేర్చుకున్న, మా నాయనమ్మకు గట్లనే ఇస్తున్నం అని. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి తాగి ఆమెకు నడుము వంగిపోయింది, ఇంటికి సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్లొస్తున్నా ఆ బోరు నీళ్లే రుచి అంటదట. నాకు చెయ్యాడలే. కాగబెడితే పురుగు చస్తది గని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైతయ్, అది మిగిలిన నీళ్లల్లనే ఉండి ఇంక చిక్కగైతది. కానీ నేను తప్పని కొట్టేయలే. ఆ వీడియోల చెప్పినాయనకు ఎట్ల తెలుసురా అని అడిగిన, ఉప్పు నీళ్లు సగానికి సగం కాగబెట్టి నాలికె మీద ఏసుకొని చూడు అన్న.

వాడు చూసిండు. చూసి ఊకోలే, మళ్ల అదే ఫోన్ల ఎతికి, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతి ఒకటుందని, నాగ్‌పూర్‌ల నీరీ సంస్థ సైంటిస్టులు తయారు చేసిన్రని, దాని పేరే నల్లగొండ టెక్నిక్ అని, తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని రాసుకొచ్చిండు. మన ఊరి పేరు మీదున్న సంగతి మన పిలగానికి బడిల ఎవరూ చెప్పలే, నేను గూడ చెప్పలే, సిగ్గనిపిచ్చింది.

ఇప్పుడు వాని పేపర్ మొదలు గిట్లున్నది: "నెట్‌ల తప్పు నేర్చుకున్న, తప్పని గూడ ఆడనే తెలుసుకున్న, నడుమల మా సార్ ఒక్కమాట అడిగిండు." మస్తు రాసినవురా అన్న. గని ఆ అమ్మాయి సదివి కింద పెన్సిల్‌తోని రాసింది, "ఆ ఒక్కమాట అడిగే సార్ లేని ఇంట్ల ఏమైతది?" అని. దానికి వాని జవాబు ఇంక రాలే. సోమారం ఇస్తనన్నడు. ఉంట మరి, నమస్తే.