బాటిల్ మీద గీతలు

శ్రోతలకు నమస్కారం.

మా వీధి చివర పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళ చేతుల్లో ఈమధ్య ఒక కొత్త వస్తువు కనబడుతోంది. రెండు లీటర్ల బాటిల్. దాని మీద పైనుంచి కిందికి గీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో టైము. తొమ్మిదింటికి ఇక్కడిదాకా, పదకొండింటికి అక్కడిదాకా తాగెయ్యాలి. సాయంత్రానికి బాటిల్ ఖాళీ కాకపోతే హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లాడిలా మొహం పెడతారు మా మిత్రులొకాయన. ఆయనతో నడిచే ఇంకొకాయనకి రెండు లీటర్లంటే చిన్నచూపు. నాలుగు తాగాలట, ఏదో వీడియోలో విన్నారు. మొన్న ఇద్దరూ నన్ను బెంచీ మీద పట్టుకున్నారు. "మాస్టారూ, మీరు చెప్పండి, రెండా నాలుగా?" ముప్పై ఏళ్ళు మెడికల్ కాలేజీలో శరీరధర్మశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, తప్పించుకునే దారి లేదు.

"ముందు నిన్న ఏం తిన్నారో చెప్పండి" అన్నాను.

"అదేంటండీ, నీళ్ళ సంగతి అడిగితే తిండి సంగతి అడుగుతారు!"

అడగడానికి కారణం ఉంది. రోజుకి ఎనిమిది గ్లాసులన్న లెక్క, అంటే దాదాపు ఆ రెండు లీటర్లే, ఎక్కడ పుట్టిందో వెతికిన చాలామంది చివరికి 1945 దగ్గర ఆగుతారు. ఆ ఏడాది అమెరికాలోని ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు పెద్దవాళ్ళకి రోజుకి రెండున్నర లీటర్ల నీరు తగిన మోతాదని రాసింది. దాని వెనకాలే ఇంకో మాట కూడా రాసింది: ఇందులో ఎక్కువ భాగం వండిన ఆహారంలోనే ఉంటుందని. మొదటి మాట ప్రపంచమంతా తిరిగింది. రెండోది ఆ కాగితం మీదే ఉండిపోయింది. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే పెద్దాయన, కిడ్నీల మీద జీవితమంతా పనిచేసినవాడు, ఈ ఎనిమిది గ్లాసులకి ఆధారం ఏమిటా అని పాత పరిశోధనలన్నీ తిరగేశారు. ఏమీ దొరకలేదు. అయితే ఆయన మాట్లాడింది ఆరోగ్యంగా ఉండి, చల్లటి దేశంలో, పెద్దగా కాయకష్టం లేకుండా బతికేవాళ్ళ గురించి. మే నెల రామగుండం ఆ లెక్కలోకి రాదు.

ఇక మన కంచం చూడండి. అన్నం బరువులో సుమారు మూడింట రెండు వంతులు నీరే. దాని మీద పప్పుచారు, చివర్లో మజ్జిగ. దోసకాయ, సొరకాయ, పుచ్చకాయ అయితే నీళ్ళకి తొడిగిన చొక్కాలు. టీ, కాఫీలు నీటి లెక్కలోకి రావు, పైగా ఉన్న నీళ్ళు లాగేస్తాయి అంటారు. 2014లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కాఫీ అలవాటున్న 50 మంది మగవాళ్ళకి మూడు రోజులు రోజుకి నాలుగు కప్పుల కాఫీ ఇచ్చి, మరో మూడు రోజులు అంతే నీళ్ళు ఇచ్చి చూశారు. ఒంట్లో నీటి మట్టంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి మీరు తాగిన స్ట్రాంగ్ కాఫీ కూడా గ్లాసే.

అసలు ఒంట్లో నీటి లెక్క చూసే గుమాస్తాలు వేరే ఉన్నారు. వాళ్ళకి బాటిల్ మీద గీతలు అక్కర్లేదు. మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో లీటరున్నరో రెండు లీటర్లో బయటికి పంపి మిగతాదంతా తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. ఎంత పంపాలి, ఎంత ఆపాలి అన్న ఆజ్ఞ మెదడు నుంచి వస్తుంది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, వాసోప్రెస్సిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది, మూత్రం చిక్కబడి నీరు ఆగుతుంది. దాదాపు అదే సమయానికి దాహం కూడా వేస్తుంది. "దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు" అని పోస్టర్ల మీద రాస్తుంటారు కదా, అది పిల్లాడు ఏడవగానే చచ్చేంత ఆకలి అనుకోవడం లాంటిది. నిజంగా నీరు తగ్గి ఒళ్ళు తూలే పరిస్థితికి చాలా ముందే దాహం తలుపు తడుతుంది.

ఎక్కువైతే ఏం, పోతుంది కదా అంటారు నాలుగు లీటర్లాయన. రోజంతా కొంచెం కొంచెంగా తాగితే చాలామందికి నిజంగానే పోతుంది. గబగబా తాగితే ఇబ్బంది. కిడ్నీలు గంటకి పంపగలిగేది దాదాపు లీటరు, అంతకంటే తక్కువే అనుకోండి. అది దాటితే రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, పల్చబడుతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. 2007లో కాలిఫోర్నియాలో ఒక రేడియో స్టేషను బాత్రూముకి వెళ్ళకుండా ఎవరు ఎక్కువ నీళ్ళు తాగుతారో చూద్దామని పోటీ పెట్టింది. పాల్గొన్న ఒకావిడ ఆ రోజే చనిపోయింది. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు పూర్తయ్యాక 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. దారి పొడుగునా తాగి, పరుగు మొదలైనప్పటికంటే బరువు పెరిగినవాళ్ళలోనే అది ఎక్కువ.

మన ఇళ్ళల్లో ఇదే మాట వేరేలా వినబడుతుంది. "అమ్మమ్మకి సోడియం పడిపోయిందట, హాస్పిటల్లో చేర్చారు." బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రంలో సోడియాన్ని పంపేస్తాయి. ఉప్పు మానేసి, ఆ మాత్ర వేసుకుంటూ, వీడియో చూసి నాలుగు లీటర్లు తాగే పెద్దవాళ్ళంటే నాకు నిజంగా టెన్షన్. ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్ళకీ ఉత్త నీళ్ళు చాలవు, చెమటతో ఉప్పు కూడా పోతుంది. పొలానికి తీసుకెళ్ళే ఉప్పేసిన మజ్జిగ, గంజి ఊరికే పుట్టిన అలవాట్లు కావు.

మరి భోజనం మధ్యలో నీళ్ళు తాగకూడదంటారే? జఠరాగ్ని చల్లారుతుందని. చారన్నం, మజ్జిగన్నం తింటూ ఈ మాట అనగలగడం మనకే చెల్లింది. కడుపు తనకి కావలసిన ఆమ్లాన్ని అవసరాన్ని బట్టి ఊరించుకుంటుంది, గ్లాసుడు నీళ్ళకి బెదరదు. నిలబడి తాగితే మోకాళ్ళు పాడవుతాయన్నదీ అంతే. నీళ్ళు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళాకే మోకాలికి చేరేది, ఆ దారి నిలబడినా కూర్చున్నా ఒక్కటే. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు తాగితే హాయిగా ఉందంటే తాగండి, కొవ్వు మాత్రం కరగదు. తిండికి అరగంట ముందు అరలీటరు తాగి, తిండి కూడా తగ్గించిన నడివయసు దాటినవాళ్ళు, తిండి మాత్రమే తగ్గించినవాళ్ళకంటే 12 వారాల్లో ఇంకో రెండు కిలోలు తగ్గారని 2010లో ఒక చిన్న పరిశోధన చెప్పింది. 48 మందితో చేసింది. కడుపు నిండి తక్కువ తినడమే దాని కిటుకు కావచ్చు.

రాగి చెంబు దగ్గర మాత్రం నేను కొంచెం తగ్గాను. మా నాయనమ్మ రాత్రి రాగి బిందెలో నీళ్ళు పోసి పెట్టేది, నేను కాలేజీ చదువు తలకెక్కి నవ్వేవాణ్ణి. 2012లో బెంగళూరు, కోల్‌కతా శాస్త్రవేత్తలు కలిసి రాగి పాత్రల్లో నీళ్ళు పోసి, వాటిలో కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియాల్ని కావాలనే కలిపారు. పదహారు గంటల తర్వాత చూస్తే పెంచడానికి ఒక్కటీ మిగల్లేదు. నీటిలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకి చాలా తక్కువే. అంటే నాయనమ్మ గెలిచింది, కానీ గెలిచింది క్రిముల మీదే. షుగర్ తగ్గుతుంది, థైరాయిడ్ కుదురుతుంది అని బాటిల్ డబ్బా మీద రాసేవాటికి ఈ ప్రయోగంలో చోటు లేదు. ఫిల్టర్ నీళ్ళే తెచ్చి అందులో పోస్తే చంపడానికి క్రిములూ పెద్దగా ఉండవు. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు నీళ్ళు రాగిలో పెట్టకండి. చింతపండుతో తోమితే చెంబు ఎందుకు మెరుస్తుందో తెలుసు కదా, పులుపు రాగిని కరిగిస్తుంది.

ఎక్కువ నీళ్ళు నిజంగా మందులా పనిచేసే చోట్లూ ఉన్నాయి. కిడ్నీలో రాయి మొదటిసారి వచ్చిన 199 మందిని ఇటలీలో ఐదేళ్ళు గమనించారు, ఫలితాలు 1996లో వచ్చాయి. బాగా నీళ్ళు తాగమని చెప్పిన సగం మందిలో 12 శాతానికి మళ్ళీ రాయి వచ్చింది, మిగతా సగంలో 27 శాతానికి. నీళ్ళు తక్కువ తాగుతూ మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్‌తో బాధపడే 140 మంది ఆడవాళ్ళలో సగం మంది చేత రోజూ అదనంగా లీటరున్నర తాగించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా తాగినవాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. ఇది 2018 నాటి మాట. స్కూల్లో, ఆఫీసులో బాత్రూములు బాగుండక నీళ్ళే మానేసే ఆడపిల్లల గురించి ఇక్కడ ఆలోచించాలి. వాళ్ళకి కావలసింది గీతల బాటిల్ కాదు, గడియ పడే తలుపు.

ఇదే లెక్కన కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ళకీ నీళ్ళు పెంచితే మేలనుకున్నారు. అదే 2018లో కెనడాలో 631 మందితో చేసిన ప్రయోగంలో ఏడాది తర్వాత కిడ్నీ పనితీరులో తేడా రాలేదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరెత్తగానే "నీళ్ళు తాగరు, అందుకే" అని తేల్చేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఎండలో పనినీ, నీటినీ, పురుగుమందుల్నీ అన్నింటినీ అనుమానించారు, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. గుండె బలహీనమై కాళ్ళు వాచేవాళ్ళకి, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళకి డాక్టరు నీళ్ళు కొలిచి ఇస్తారు. వాళ్ళకి పార్కు సలహా ప్రమాదం.

ఎంత తాగాలన్నదానికంటే ఏ నీళ్ళు అన్నది పెద్ద ప్రశ్నగా ఉన్న ఊళ్ళు మనకున్నాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. తర్వాత నల్లగొండ పేరు ఎంత మోగిందంటే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు హద్దు. మూడున్న బోరు నీళ్ళు నాలుగు లీటర్లు తాగితే రోజుకి పన్నెండు మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి. మరగబెడితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. రాగి చెంబు దాన్ని ముట్టుకోదు.

ఇదంతా బెంచీ మీద విని రెండు లీటర్లాయన కొంచెం నిరాశపడ్డారు. "అంటే దాహమేస్తే తాగితే చాలంటారు. దీనికింత పాఠమా?" మూత్రం లేత పసుపులో ఉంటే చాలన్నాను, బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు ఆ రంగుని నమ్మకండి అనీ చెప్పాను. నాలుగు లీటర్లాయన మర్నాడు తన మందుల చీటీ పట్టుకొచ్చారు. బీపీ మాత్ర నేను భయపడిన రకమే. సోడియం పరీక్ష చేయించుకుని డాక్టరుగారితో మాట్లాడమని పంపాను.

దాహాన్ని నమ్మకూడని ఒక వయసుంది, అదీ చెప్పాను వాళ్ళకి. 1984లో అచ్చయిన ఒక ప్రయోగంలో అరవై ఏడు దాటిన మగవాళ్ళనీ, ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళనీ ఒక రోజంతా నీళ్ళు లేకుండా ఉంచారు. ముసలివాళ్ళ రక్తం కుర్రాళ్ళ కంటే ఎక్కువ చిక్కబడినా దాహం మాత్రం పెద్దగా వెయ్యలేదు, తర్వాత నీళ్ళు ఎదురుగా పెట్టినా తక్కువే తాగారు. రెండు లీటర్లాయన ఒక్కసారి నా వైపు తిరిగారు. వాళ్ళమ్మగారికి ఎనభై నాలుగు. ఎప్పుడడిగినా "దాహం లేదురా" అంటారట.

గీతల బాటిల్ ఇప్పుడు ఆవిడ మంచం పక్కన ఉంది. ఆ టైములేవీ ఆవిడ చూడరు. అందులో పల్చటి మజ్జిగ పోసి, కొంచెం ఉప్పేసి పెడితేనే తాగుతారట.