డిఫోర్డ్ బెయిలీ బద్ధకస్తుడా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. మౌతార్గాన్ మీద రైలు పలికించడం ఎలాగో చెప్పమని పిలిచారు. చెబుతాను. ముందు ఆ రైలు బాణీతో పేరు తెచ్చుకున్న మౌతార్గాన్ కళాకారుడు, బద్ధకస్తుడని ముద్ర పడిన డిఫోర్డ్ బెయిలీ మాట.

ఆయన పుట్టింది 1899లో, అమెరికాలోని టెనెసీలో. మూడేళ్లకే పోలియో వచ్చి మంచాన పడ్డాడు, అప్పుడే మౌతార్గాన్ పట్టాడు. పెద్దయ్యాకా ఐదడుగులు లేడు. నాష్‌విల్ రేడియో డబ్ల్యూఎస్ఎంలో 1926 నుంచి శనివారం రాత్రుళ్లు వాయించాడు. 1927 డిసెంబర్ 10న ముందు శాస్త్రీయ సంగీతం ప్రసారమైంది. వెంటనే బెయిలీ ‘పాన్ అమెరికన్ బ్లూస్’ వాయించాడు. అది అక్కడ నడిచే ఎక్స్‌ప్రెస్ రైలు పేరు. ఇంతసేపూ గ్రాండ్ ఒపెరా విన్నారు, ఇక ఇది గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్నాడు వ్యాఖ్యాత జార్జ్ హే, ఒపెరా మాటను పల్లె యాసలో పలికి. కంట్రీ సంగీతానికి, అంటే అమెరికా పల్లె బాణీలకు, పెద్దపీట వేసిన ఆ కార్యక్రమానికి పేరు అలా పడింది. పేరు పుట్టిన క్షణంలో మైకు ముందున్నది ఒక నల్లజాతి కళాకారుడు. 1928లో 52 వారాలకు 49 వారాలు ఆయన వాయించాడు.

సరే, రైలు. వెనక వరస పిల్లలూ, మీ చేతుల్లో ఉన్నవి 24 రంధ్రాల ట్రెమొలోలు కదూ? సినిమా పాటకు బాగానే ఉంటాయి, దీనికి పనికిరావు. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు, అంటే గాలికి అదిరే లోహపు రేకులు. స్వరం వంచబోతే, అంటే కిందికి జార్చబోతే, సరిగా వంగదు. 10 రంధ్రాల డయాటోనిక్ రకం మౌతార్గాన్ కొనండి, సి శ్రుతిది.

1, 2, 3 రంధ్రాలు కలిపి లోపలికి పీలిస్తే జి మేజర్ కార్డ్, అంటే మూడు స్వరాలు కలిసిన నాదం, వస్తుంది. రెండు పీల్పులు, రెండు ఊదులు, నాలుకతో ‘తక తక’ అంటూ. అదే చక్రాల చప్పుడు. మొదట బాగా నెమ్మదిగా. అందరూ ఇక్కడే చెడగొడతారు: వేగం పెంచమంటే గట్టిగా ఊదుతారు. వేగం వేరు, బలం వేరు. రెండో రంధ్రం పీలిస్తే మూగబోయిందని రీడ్‌ను తిట్టకండి. తప్పు నోటిది, బలంగా లాగుతున్నారు. ఈ పద్ధతిలో పీల్చడమే ఎక్కువ, ఊపిరితిత్తులు నిండిపోయి తల తిరుగుతుంది. మిగులు గాలిని ముక్కులోంచి వదిలేయండి.

కూతకు 4, 5 కలిపి పీల్చండి. చివర్లో నాలుకను వెనక్కి లాగితే స్వరం కిందికి జారుతుంది. మనల్ని దాటిపోయే రైలు కూతా అలాగే జారుతుంది. మౌతార్గాన్ చుట్టూ గుప్పిట మూస్తే రైలు దూరాన ఉన్నట్టు, తెరిస్తే దగ్గరికొచ్చినట్టు. అతిగా వంచితే ముందు చెడేది ఆ 4, 5 రీడ్లే, లోహం అలిసి శ్రుతి దిగిపోతుంది. ఇంకో మౌతార్గాన్ దగ్గర పెట్టుకోండి.

ఇంత పనితనం ఉన్న మనిషిని 1941లో తీసేశారు. ఎందుకు? పాటల హక్కుల సంఘం ఆస్కాప్‌కూ రేడియోలకూ డబ్బు తగవు. ఆ ఏడాది జనవరి నుంచి ఆస్కాప్ పాటలు రేడియోలో బంద్. బెయిలీకి పేరు తెచ్చిన బాణీలు అందులో చిక్కుకున్నాయి. కొత్తవి వాయించమన్నారు, జనం అడిగేవి పాతవే అన్నాడు ఆయన. తర్వాత 1945లో హే తన పుస్తకంలో ఆయన్ని బద్ధకస్తుడని రాశాడు, జాతి ప్రస్తావన తెచ్చి మరీ. అయ్యా, పర్యటనల్లో తెల్లవాళ్ల హోటళ్లు గది ఇవ్వకపోతే, తోటి కళాకారుడు అంకుల్ డేవ్ మేకన్ ‘ఇతను నా నౌకరు’ అని చెప్పి గది ఇప్పించాల్సి వచ్చేది. అలా తిరిగి వాయించినవాడు బద్ధకస్తుడా?

తర్వాత దశాబ్దాలు నాష్‌విల్‌లో బూట్ పాలిష్ దుకాణం నడిపాడు. 1982లో పోయాడు. ఆ సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది 2005లో.

కార్యదర్శి గారూ, వచ్చే కచేరీ కరపత్రంలో ‘రైలు బాణీ’ అని ఊరికే వేయకండి. పక్కన డిఫోర్డ్ బెయిలీ అని వేయించండి.