పేరు కోరమాండల్‌ది, పడవ ఎసెక్స్‌ది

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు చర్చ టోర్నడో గురించి. సుడిగాలి కాదండి, ఇద్దరు నడిపే రేసింగ్ కాటమరాన్, అంటే పక్కపక్కన రెండు డొల్లలున్న తెరచాప పడవ. 1976 నుంచి 2008 దాకా ఒలింపిక్స్‌లో ఉంది. మనతో ఒక రిటైర్డ్ నౌకా ఇంజినీరు గారు, ఒక సెయిలింగ్ కోచ్ గారు ఉన్నారు. సార్, ముందు నా గర్వం సంగతి తేల్చండి. కాటమరాన్ మనదే కదా?

ఇంజినీరు: పేరు వరకేనండి. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన దుంగలు. మన జాలర్లు తెప్ప అంటారు. ఇంగ్లీషు నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన యాత్రా పుస్తకంలో కోరమాండల్ తీరపు తెప్పల గురించి రాశాడు. కానీ తెప్పకి రెండు హల్స్, అంటే నీళ్లలో తేలే డొల్లలు, ఎక్కడున్నాయి? జంట పడవలు పసిఫిక్ దీవులవాళ్ల విద్య. మన తీరం పేరుని తీసుకెళ్లి ఆ ఆకారానికి తగిలించారు.

వ్యాఖ్యాత: సరే, సగం గర్వంతో సరిపెట్టుకుంటాను. మరి టోర్నడో?

ఇంజినీరు: 1967. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ తీరాన బ్రైట్‌లింగ్‌సీ అనే ఊరు. గీసింది రాడ్నీ మార్చ్. పక్కన రెగ్ వైట్, టెర్రీ పియర్స్. ఒలింపిక్స్‌కి ఇద్దరు నడిపే కాటమరాన్ కావాలని అంతర్జాతీయ తెరచాప పడవల సమాఖ్య పోటీ పెడితే ఇదే నెగ్గింది. పొడవు 20 అడుగులు, వెడల్పు 10. పలుచని ప్లైవుడ్ రేకుల్ని బలవంతంగా వంచి హల్స్ చేశారు. ఫైబర్ గ్లాస్ తర్వాత వచ్చింది.

కోచ్: ఆ వెడల్పులోనే ఉందండి కిటుకంతా. పెద్ద రేసు పడవ ఒరిగిపోకుండా అడుగున సీసమో ఇనుమో మోస్తుంది. ఇక్కడ ఆ బరువే లేదు. రెండు హల్స్ మధ్య దూరమే దాన్ని నిలబెడుతుంది.

ఇంజినీరు: లెక్క చెప్పనివ్వండి మేడమ్. గాలి వైపు హల్ నీళ్లలోంచి లేచిందనుకోండి. పడవ బరువు సుమారు 155 కిలోలు, అది అవతలి హల్‌కి ఒకటిన్నర మీటర్ల దూరంలో పనిచేస్తుంది. మనుషులు ఇద్దరూ కలిసి దాదాపు 150 కిలోలు. కానీ తెరచాప స్తంభం నుంచి వచ్చే తీగకి వేలాడుతూ బయటికి వాలితే వాళ్లు నాలుగు మీటర్ల దూరంలో ఉంటారు. అంటే పడవ కన్నా మనుషులే రెండున్నర రెట్లు ఎక్కువ పనిచేస్తున్నారు!

వ్యాఖ్యాత: అయితే గాలి పెరిగితే టెన్షనే.

కోచ్: ఒరగడం కన్నా ముక్కు మునగడానికే ఎక్కువ భయపడతాం. హల్స్ సన్నగా ఉంటాయి కాబట్టి అలని లేపకుండా కోసుకుపోతాయి, వేగం అక్కడే వస్తుంది. కానీ గాలితో పాటు దూసుకెళ్లేటప్పుడు ముక్కు అలలో గుచ్చుకుందా, పడవ ముందుకి పల్టీ కొడుతుంది. వెనక చుక్కాని పట్టుకున్నవాళ్లు కూడా ఎగిరి పడతారు. నేను పడ్డాను, అందుకే చెప్తున్నాను.

వ్యాఖ్యాత: గెలిచినవాళ్ల మాటకొద్దాం.

ఇంజినీరు: మొదటి పతకం కథ నాకిష్టం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్, తెరచాప పోటీలు కింగ్‌స్టన్ దగ్గర అంటారియో సరస్సులో. స్వర్ణం ఎవరికి? పడవ కట్టిన రెగ్ వైట్‌కే, తోడు జాన్ ఆస్బార్న్. వంట చేసినవాడే మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు.

కోచ్: నా ఓటు ఆస్ట్రియావాళ్లకి. హగారా, స్టైనాకర్. సముద్రమే లేని దేశం! 2000 సిడ్నీలో స్వర్ణం. ఆ తర్వాత పడవే మారిపోయింది, రెండో మనిషికీ వేలాడే తీగ, ముందు పెద్ద స్పిన్నకర్ తెరచాప. కొత్త పడవలోనూ 2004లో మళ్లీ వాళ్లే.

వ్యాఖ్యాత: ఇంత బాగుంటే ఎందుకు తీసేశారు?

ఇంజినీరు: 2007లో ఓటు వేసి 2012 లండన్ జాబితాలోంచి తప్పించారు. సొంత దేశం ఒలింపిక్స్‌లోనే చోటు లేదు. కాటమరాన్‌కి ఇది కొత్త కాదు. 1876లో న్యూయార్క్‌లో పడవల రూపకర్త హెరెషాఫ్ తన అమరిల్లిస్ అనే కాటమరాన్‌తో అందర్నీ ఓడిస్తే, అది మామూలు పడవ కాదంటూ గెలుపుని కొట్టేశారు.

కోచ్: 2016 రియోలో కాటమరాన్ తిరిగొచ్చింది కదండి, నాక్రా 17 అనే కొత్త పడవ రూపంలో. ఒక మగ, ఒక ఆడ కలిసి నడపాలి.

ఇంజినీరు: పొడవు అయిదుంపావు మీటర్లు. టోర్నడో ముందు చిన్నదే.

కోచ్: చిన్నదని తీసిపారేయకండి సార్! రియో స్వర్ణం అర్జెంటీనా జంటది, సాంటియాగో లాంగే, సెసిలియా కరాంజా. లాంగేకి అప్పుడు 54 ఏళ్లు, ఏడాది ముందే క్యాన్సర్‌తో ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. ఇదే లాంగే 2004, 2008లలో టోర్నడోలో కాంస్యాలు గెలిచాడు. రియో తర్వాత నాక్రాకి పడవని పైకెత్తే ఫాయిల్స్, అంటే నీళ్లలో రెక్కల్లా పనిచేసే పలకలు, పెట్టారు, ఇప్పుడది హల్స్ నీళ్లకి పైకి లేచి పోతుంది.

ఇంజినీరు: హల్ నీళ్లనే తాకకపోతే దాన్ని పడవనాలా, విమానమనాలా?

కోచ్: తేలకపోతే చెప్పండి, రెండూ కాదంటాను.

వ్యాఖ్యాత: ఒక్క ప్రశ్న, మేడమ్. బోల్తా పడితే ఇద్దరూ లేపగలరా?

కోచ్: పక్కకి పడితే లేపొచ్చు. కింది హల్ మీద నిలబడి, తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. పూర్తిగా తలకిందులైందా, ఇక రెస్క్యూ బోటు కోసం చూడటమే. ఆ వెడల్పే అప్పుడు దాన్ని తిరగనివ్వదు.