హస్తవాసికి నిద్ర కావాలి

నమస్కారమండీ. గుంటూరు కొత్తపేటలో అయినా, విజయవాడ సూర్యారావుపేటలో అయినా, ఏ ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది, "ఈ డాక్టరు గారి హస్తవాసి మంచిదండీ" అని. ఆ చెయ్యి నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయిందో మాత్రం ఎవరూ అడగరు.

నేను ముప్పై ఏళ్లు సర్జన్‌గా చేశాను. ఒకసారి రాత్రంతా యాక్సిడెంట్ కేసులు చూసి, పొద్దున్నే మళ్లీ థియేటర్‌లోకి వెళ్తుంటే సిస్టర్ "రెండో కేసు ఎవరు సార్?" అంది. "గాల్‌బ్లాడర్" అన్నాను. పేషెంటు పేరు గుర్తు రాలేదు. ముందురోజు సాయంత్రమే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, అమ్మాయికి పెళ్లి కుదిరింది బాబూ, జాగ్రత్తగా చెయ్యి అని చెప్పింది, అదీ గుర్తు లేదు. ఆపరేషన్ బాగానే జరిగిందనుకోండి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక భయమేసింది, అంత మర్చిపోయినా నాకు చీమ కుట్టినట్టయినా లేదేమిటని.

దీన్నే బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పని వల్ల వచ్చే సమస్య అని రాసింది. సత్తువంతా పిండేసినట్టుండటం, పని మీద మనసు విరిగిపోవడం, నేనేం చేసినా ఇంతేలే అనిపించడం, ఇవీ గుర్తులు. పని వల్ల వచ్చేదని అంత స్పష్టంగా చెప్తుంటే, కొన్ని ఆస్పత్రులేమో డాక్టర్లకి ఆదివారం యోగా క్లాసు పెడతాయి. ఉన్న ఒక్క ఆదివారమూ పాయె! (యోగా అంటే నాకు కోపం లేదులెండి.)

మార్చాల్సింది డ్యూటీ చార్టు. రెసిడెంట్ డాక్టర్ల (పెద్దాస్పత్రుల్లో శిక్షణలో ఉంటూ పనిచేసేవాళ్ల) డ్యూటీ మామూలుగా ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది, అయినా 36 గంటల డ్యూటీలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకి మర్నాడు ముందే అనుకున్న ఆపరేషన్లు వెయ్యకూడదు. ఇన్సూరెన్స్ కాగితాల పని సర్జన్ నెత్తిన పెట్టకూడదు. టేబుల్ మీద పేషెంటు పోతే, చేతులు కడుక్కుని తర్వాతి కేసుకి పరిగెత్తకుండా, ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించి మాట్లాడించాలి. మరీ మనసు కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 డాక్టర్లకి కూడా పనిచేస్తుంది, సిగ్గుపడక్కర్లేదు.

ఇక మీకొక మనవి. రాత్రంతా మేలుకున్నాను, అర్జెంటు కాదు కాబట్టి మీ ఆపరేషన్ రేపు చేద్దామని డాక్టరు గారంటే, ముహూర్తం పెట్టించుకున్నామండీ అని పట్టుబట్టకండి. పంతులు గారికి ఫోన్ చేస్తే రేపటికి ఇంకోటి చెప్తారు.